డీజిల్ కొనేటప్పుడే చలి గురించి ఆలోచించాలి

నవంబర్ వచ్చిందంటే చాలు, అమెరికాలో ట్రక్కులు నడిపే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న తిరుగుతుంది: "ఏ సీసా పోస్తున్నారు?" చలికి డీజిల్ ముద్దకట్టకుండా ట్యాంకులో కలిపే యాంటీ జెల్ మందు సీసా గురించి ఆ ప్రశ్న. ఒకాయన తెల్ల సీసా ఫొటో పెడతాడు. ఇంకొకాయన అది దండగ, ఫలానాది వాడండి అంటాడు. ఎన్ని గ్యాలన్లకు ఎంత పోయాలో మరొకాయన లెక్క చెబుతాడు. రాత్రికి బోలెడు మెసేజీలు పోగవుతాయి. వాటిలో "డీజిల్ ఎక్కడ కొట్టించారు?" అని అడిగేవాళ్లు కనబడరు. "ఫిల్టర్ ఎప్పుడు మార్చారు?" అనేవాళ్లు అసలే ఉండరు.

సీసాకు నేను వ్యతిరేకిని కాదు. నా చేతిలో ఉన్న బండ్లలోనూ పోయిస్తాను. కాకపోతే దాని వరస మూడోది. ట్యాంకులో ఉన్న డీజిల్ ఏ ఊళ్లో, ఏ నెలలో కొన్నది అన్నది మొదటిది. ఆ డీజిల్‌లో నీళ్లున్నాయా, ఫిల్టర్ ఏ స్థితిలో ఉంది అన్నది రెండోది. ఈ రెండూ పాడుగా ఉంటే షాపులో ఉన్న సీసాలన్నీ పోసినా బండి ఆగుతుంది. ఈ రెండూ బాగుంటే మామూలు చలికి సీసా అవసరమే రాదు.

నేను అమెరికా ఉత్తరాన, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ పక్కన ఒక చిన్న ట్రక్కింగ్ కంపెనీలో డిస్పాచ్, మెయింటెనెన్స్ రెండూ చూస్తాను. పుట్టి పెరిగింది విజయవాడలో. నాన్నకు లారీలుండేవి కాబట్టి సెలవులన్నీ ఆటోనగర్ షెడ్లలోనే గడిచాయి. అక్కడ నేర్చుకున్నవాటిలో కొన్ని ఇక్కడి చలికి అద్భుతంగా పనికొచ్చాయి. కొన్ని పొరపాటున కూడా ఇక్కడ వాడకూడనివి. ఆ సంగతి తర్వాత.

ముందు చలికి డీజిల్‌లో ఏం జరుగుతుందో చూద్దాం. డిసెంబర్ తెల్లవారుజామున మనిళ్లల్లో కొబ్బరినూనె సీసా ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. మొదట నూనె మసకబారుతుంది, తర్వాత ముద్దవుతుంది. డీజిల్ కూడా అదే దారిలో నడుస్తుంది, ఇంకా తక్కువ ఉష్ణోగ్రత దగ్గర. అందులో పారఫిన్ మైనం సహజంగానే ఉంటుంది. అది మలినం కాదు, ఇంజన్‌లో చక్కగా అంటుకుని మండే భాగం అదే. చలి పెరిగేకొద్దీ ఆ మైనం సన్నటి పలుకులుగా విడిపోతుంది. డీజిల్ మొదటిసారి మసకబారే ఉష్ణోగ్రతను క్లౌడ్ పాయింట్ అంటారు. అమెరికా బంకుల్లో నంబర్ టూ అని పిలిచే మామూలు డీజిల్‌కు ఇది సాధారణంగా 15, 20 ఫారెన్‌హీట్ ప్రాంతంలో, అంటే మైనస్ 9, మైనస్ 7 సెల్సియస్ దగ్గర ఉంటుంది. ముడిచమురును బట్టి, రిఫైనరీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఇంకా చల్లబడితే డీజిల్ పారడమే మానేస్తుంది. ఆ స్థితికి కాస్త ముందుదాన్ని పోర్ పాయింట్ అంటారు.

బండి ఆగడానికి పోర్ పాయింట్ దాకా వెళ్లనక్కర్లేదు. ట్యాంకులో డీజిల్ ఇంకా నీళ్లలా కదులుతూనే ఉంటుంది, ఈ లోపు మైనం పలుకులు ఫిల్టర్ మీద పేరుకుని దారి మూసేస్తాయి. అందుకే జెల్ అయిన, అంటే ఇలా మైనం పట్టిన బండి లక్షణాలు విచిత్రంగా ఉంటాయి. పొద్దున్నే స్టార్ట్ అవుతుంది. ఫిల్టర్‌లో, పైపుల్లో ఉన్న కాస్త డీజిల్‌తో ఐడిల్‌లో బాగానే తిరుగుతుంది. రోడ్డెక్కి లోడు పడగానే లాగదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం రాదు. డాష్ మీద ఫ్యూయల్ ప్రెషర్ తక్కువని వస్తుంది, కాసేపటికి ఆగిపోతుంది. బ్యాటరీ బాగానే ఉంది కదా, స్టార్ట్ అయింది కదా అని డ్రైవర్ వాదిస్తాడు. ఆయన చెప్పేది నిజమే. జబ్బు స్టార్టింగ్‌లో లేదు.

బ్లాక్ హీటర్ వల్ల వచ్చే భ్రమ కూడా ఇలాంటిదే. రాత్రంతా ప్లగ్‌లో పెడితే అది కూలెంట్‌ను, ఇంజన్ బ్లాక్‌ను వెచ్చగా ఉంచుతుంది. మైనస్ ఇరవైలో కూడా బండి ఒక్క తిప్పుకే అందుకుంటుంది. కానీ ట్యాంకు బయటే ఉంది. దానిలో డీజిల్ రాత్రంతా బయటి గాలితో సమానంగా చల్లబడింది. ఇంజన్ హుషారుగా ఉంది కదా అని బయల్దేరితే మొదటి ర్యాంపు దాటకముందే సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు సీసా సంగతి. తెల్ల సీసాలో ఉండే యాంటీ జెల్ మందు మైనాన్ని పుట్టకుండా ఆపదు. క్లౌడ్ పాయింట్‌ను అది పెద్దగా కదిలించదు. మైనం పలుకులు పుట్టేటప్పుడు వాటిని పట్టుకుని, పెద్ద రేకులుగా ఎదగనివ్వకుండా చిన్నవిగా ఉంచుతుంది. చిన్నవైతే ఫిల్టర్ గుండా కొంతవరకు వెళ్తాయి, ఫిల్టర్ మీద పేరుకున్నా వాటి సందుల్లోంచి డీజిల్ దిగుతుంది. దీనిలోంచి తేలేది ఒకటే: మందు డీజిల్‌లో కలిసేది మైనం పుట్టకముందే కావాలి. డీజిల్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు, ట్యాంకు నింపేటప్పుడే పోయాలి. అప్పుడే నాజిల్ ధారకు బాగా కలుస్తుంది. డీజిల్ మసకబారాక పోస్తే పలుకులు అప్పటికే ఎదిగిపోయాయి. మందు చేయడానికి పని మిగల్లేదు. పైగా చల్లటి డీజిల్‌లో అది సరిగా కలవదు కూడా.

ఇంకో చిక్కు సీసా మీద రాసే అంకెలో ఉంది. "మైనస్ ఇన్ని డిగ్రీల దాకా రక్షణ" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అంకె ఎక్కువగా కోల్డ్ ఫిల్టర్ ప్లగింగ్ పాయింట్ అనే పరీక్షను బట్టి, లేదంటే పోర్ పాయింట్‌ను బట్టి రాస్తారు. ఆ ఫిల్టర్ పరీక్షలో 20 మిల్లీలీటర్ల డీజిల్‌ను 45 మైక్రాన్ల జల్లెడ గుండా పీలుస్తారు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 60 సెకన్లలోపు పోతే పాస్. నేటి ట్రక్కుల్లో ఇంజన్ మీది ఫిల్టర్ చాలా బండ్లలో 5 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. 45 మైక్రాన్ల జల్లెడలో పాసైన డీజిల్ 5 మైక్రాన్ల కాగితంలో కూడా పాసవుతుందని ఏ నమ్మకంతో అంటాం? అమెరికాలోనే ఇంకో పరీక్ష ఉంది, 17 మైక్రాన్ల జల్లెడతో చేసేది. ట్రక్కుల వాస్తవానికి అది ఎంతో దగ్గర. సీసాల మీద మాత్రం ఆ అంకె ఎప్పుడో గానీ కనబడదు. సీసా మీదున్న అంకెను నేను పూర్తిగా నమ్మను. బయటి ఉష్ణోగ్రత ఆ అంకెకు ఇంకా పది డిగ్రీలు పైన ఉండగానే దాని హద్దు అయిపోయిందనుకుంటాను.

మరి మసకబారకుండానే ఉండే డీజిల్ ఉందా అంటే, ఉంది. నంబర్ వన్ డీజిల్. కిరసనాయిలుకు దగ్గరి చుట్టం. మైనం చాలా తక్కువ, మైనస్ 40 ప్రాంతం దాకా మసకబారదు. దీన్ని నంబర్ టూలో కలిపితే క్లౌడ్ పాయింట్ నిజంగానే దిగుతుంది. ప్రతి 10 శాతానికీ సుమారు 3 ఫారెన్‌హీట్ డిగ్రీలు అని ఒక మోటు లెక్క. సీసా చేయలేనిది ఇదే. ఇందులో నష్టాలూ ఉన్నాయి. గ్యాలన్‌కు రేటెక్కువ, శక్తి తక్కువ కాబట్టి మైలేజీ పడిపోతుంది, పంపుకు జారుడు కూడా తక్కువ ఇస్తుంది. అందుకే ఏడాదంతా వాడరు, చలికి తగ్గట్టు కలుపుతారు. మిన్నెసోటాలో, డకోటాల్లో జనవరిలో చాలా బంకుల్లో డీజిల్ అప్పటికే కలిపే వస్తుంది. గట్టి చలి రోజుల్లో సగం సగం కూడా దొరుకుతుంది. కౌంటర్ దగ్గర అడిగితే ఎంత కలిపారో చెబుతారు. అడిగేవాళ్లే తక్కువ.

ఇంటర్‌స్టేట్ 35 సంగతి ఇక్కడే చెప్పాలి. మెక్సికో సరిహద్దులోని లరెడో నుంచి డాలస్, ఓక్లహోమా సిటీ, విచిటా, కాన్సాస్ సిటీ, డి మోయిన్, మినియాపొలిస్ మీదుగా డులూత్ దాకా పోయే రోడ్డు అది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు. ఐటీ ఉద్యోగం చేసుకుంటూ పక్కన ఒక ట్రక్కు కొని డ్రైవర్‌ను పెట్టినవాళ్లు కూడా వాళ్లలో బాగానే ఉన్నారు. మా బావ వాళ్లలో ఒకడు. జనవరిలో ఒక రాత్రి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, బండి అయోవాలో ఆగిపోయిందిరా. లాగట్లేదట."

"డాలస్‌లో ఎంత కొట్టించాడు బావా?"

"రెండు ట్యాంకులూ ఫుల్లు. అక్కడ చవక కదా."

"దారిలో?"

"ఎందుకు, సరిపోతుంది కదా. సీసా పోశాడులే. అయోవా బోర్డరు దాటాక చలి బాగా ఉందని రెండు పోశాడట."

ఆ నాలుగు ముక్కల్లో జబ్బు అంతా ఉంది. ఆ ట్రక్కుకు రెండు ట్యాంకులు, కలిపి 250 గ్యాలన్ల దాకా పడతాయి. డాలస్ నుంచి మినియాపొలిస్ సుమారు 950 మైళ్లు. గ్యాలన్‌కు ఆరున్నర మైళ్లు వేసుకున్నా 150 గ్యాలన్ల లోపే కాలుతుంది. అంటే టెక్సాస్‌లో కొన్న డీజిల్ వంద గ్యాలన్లు మిన్నెసోటా చలిలోకి వచ్చి నిలబడుతుంది. టెక్సాస్ రిఫైనరీ టెక్సాస్ చలికి సరిపడేట్టు డీజిల్ చేస్తుంది, చేయాల్సిందీ అంతే. దాన్ని వెయ్యి మైళ్లు ఉత్తరానికి మోసుకొచ్చింది మనం. గ్యాలన్‌కు మిగిల్చిన పైసలన్నీ ఒక్క టోయింగ్ బిల్లుకు పోయాయి. బావ మాత్రం ఇప్పటికీ తప్పు సీసా కంపెనీదే అంటాడు. ఈ విషయంలో మా ఇద్దరికీ రాజీ కుదరలేదు.

దారి మరీ కష్టమేం కాదు. ఉత్తరానికి పోయే బండి డాలస్‌లో సగం ట్యాంకుతో బయల్దేరాలి. కాన్సాస్ సిటీ దాకా అది నిక్షేపంగా వస్తుంది. అక్కడ అవసరమైనంత పట్టించి, అయోవా ఉత్తరానికొచ్చాక, చలి రాత్రి రాకముందే, అక్కడి డీజిల్‌తో నింపాలి. యాంటీ జెల్ పోయాలనుకుంటే డాలస్‌లోనే, డీజిల్ వెచ్చగా ఉన్నప్పుడే పోసుకోవాలి. ఇది డ్రైవర్ మీద వదిలేసే పని కాదు. డీజిల్ కార్డు మీద ఎక్కడెక్కడ ఎంత కొట్టించాలో డిస్పాచ్‌లో కూర్చున్నవాడే రాసివ్వాలి. రేటు తక్కువున్న చోట ఫుల్లు చేయమని ఆఫీసు నుంచి చెప్పి, బండి ఆగాక డ్రైవర్‌ను తిట్టే యజమానులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు కోపం ఇంకో చోట ఉంది. అమెరికాలో పెట్రోలు పంపు మీద ఆక్టేన్ అంకె రాయాలని రూలుంది. డీజిల్‌లో బయోడీజిల్ 5 శాతం దాటితే దానికీ లేబుల్ పెట్టాలి. బండిని నడిరోడ్డు మీద ఆపేసే క్లౌడ్ పాయింట్‌కు మాత్రం ఏ లేబులూ లేదు. ఇక్కడి డీజిల్ ప్రమాణం ఏఎస్‌టీఎం డి 975 క్లౌడ్ పాయింట్ ఇంత ఉండాలని ఖాయంగా చెప్పదు. ఏ రాష్ట్రంలో ఏ నెలలో ఎంత చలి పడుతుందో పట్టికలిచ్చి, అమ్మేవాడూ కొనేవాడూ చూసుకోండి అంటుంది. పెద్ద ఫ్లీట్లు కాంట్రాక్టులో రాయించుకుంటాయి. ఒక్క ట్రక్కున్నవాడు ఎవరితో ఏం రాయించుకుంటాడు? జర్మనీలో నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరుదాకా అమ్మే చలికాలపు డీజిల్ మైనస్ 20 సెల్సియస్ దాకా ఆ ఫిల్టర్ పరీక్ష పాస్ కావాలి. కెనడాలో ప్రాంతాన్ని బట్టి, నెలలో మొదటి సగమా రెండో సగమా అన్నదాన్ని బట్టి హద్దులు గీశారు. అమెరికాకు ఇది చేతకాక కాదు. పంపు మీద ఒక స్టిక్కర్ చాలు: ఈ వారం ఈ డీజిల్ క్లౌడ్ పాయింట్ ఇంత. బంకులకు డీజిల్ పంపే టెర్మినల్ నుంచి వచ్చే కాగితంలో ఆ అంకెను బంకువాడు తెప్పించుకోగలడు. దాన్ని కొనేవాడికి చూపించమంటున్నాను, అంతే.

మన దేశంలో పరిస్థితి చూడండి. డీజిల్‌కు ఐఎస్ 1460 అనే ప్రమాణముంది. అందులో కోల్డ్ ఫిల్టర్ ప్లగింగ్ పాయింట్ చలికాలానికి 6 సెల్సియస్, వేసవికి 18 సెల్సియస్ మించకూడదని ఉంటుంది. మైనస్‌లు కావు, మామూలు ఆరు, పద్దెనిమిది. ఆంధ్రాలో, తెలంగాణలో దానితో ఎవరికీ ఇబ్బంది రాలేదు కాబట్టి ఈ ముచ్చట మనవాళ్లకు తెలియదు. లడఖ్‌లో బండ్లు నడిపేవాళ్లకు బాగా తెలుసు. ట్యాంకు కింద మంట పెట్టి కాచుకోవడం, కిరసనాయిలు కలపడం అక్కడ చలికాలపు బతుకులో భాగం. ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో లడఖ్, కార్గిల్, కాజా, కీలాంగ్ లాంటి చోట్ల కోసం ప్రత్యేక చలికాలపు డీజిల్ తెచ్చింది. పానిపట్ రిఫైనరీలో చేసేది, మైనస్ 33 సెల్సియస్‌లో కూడా పారుతుంది. అదే ఏడాది జనవరి 30న మినియాపొలిస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 28 ఫారెన్‌హీట్ పడింది. సెల్సియస్‌లో చెప్పుకుంటే అదీ మైనస్ 33. లేహ్‌లో లారీవాడికి ఉన్న బాధ, డులూత్ పోయే మా డ్రైవర్ బాధ అక్షరాలా ఒకటే. రెండు చోట్లా ఫలితమిచ్చింది డీజిల్‌నే మార్చడం.

మిన్నెసోటాలో ఇంకో ప్రత్యేకత ఉంది. ఇక్కడ డీజిల్‌లో బయోడీజిల్ కలపడం చట్టం. 2018 నుంచి వేసవి నెలల్లో 20 శాతం, అక్టోబర్ నుంచి మార్చి దాకా 5 శాతం. సోయా నూనెతో చేసిన బయోడీజిల్ ఒక్కటే తీసుకుంటే సున్నా సెల్సియస్ దగ్గరే మసకబారుతుంది. చట్టం చేసినవాళ్లకు ఇది తెలుసు, అందుకే చలికాలానికి తగ్గించారు. ప్రమాదం రోజూ తిరిగే బండికి కాదు. ఆగస్టులో నింపి, అడపాదడపా ట్రైలర్ లాగడానికి బయటికి తీసే పికప్‌కి, ఇంటి వెనక నిలబడ్డ ఆర్‌వీకి, అంటే ఇల్లులాంటి విహారాల బండికి. పాత డీజిల్ ట్యాంకులో అలాగే ఉంటుంది, క్యాలెండర్ మారిన సంగతి దానికి తెలియదు. అక్టోబర్‌లోనే బండి నడిపి ఆ ట్యాంకు ఖాళీ చేసి, కొత్త డీజిల్ పట్టించాలి.

ఇక నీళ్లు. నా అనుభవంలో "జెల్ అయింది" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి మైనంతో సంబంధమే లేదు. బయట 25 ఫారెన్‌హీట్ ఉంది, బంకులో చలికాలపు డీజిలే పట్టించారు, అయినా ఆగింది. ఆ చలికి ఆ డీజిల్‌లో మైనం పుట్టే ప్రశ్నే లేదు. గడ్డకట్టింది నీళ్లు. నీళ్లు 32 దగ్గరే గడ్డకడతాయి, మైనం ఇంకా చాలా కిందికి పోతే గానీ పుట్టదు. కాబట్టి బండి ఆగినప్పుడు థర్మామీటర్ చూస్తే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. ఫిల్టర్ విప్పి చూస్తే మిగతా సగం తెలుస్తుంది: మైనమైతే తెల్లగా జిడ్డుగా వేలికి అంటుతుంది, మంచైతే గరగరలాడి వేలి వేడికి నీరవుతుంది. నీటికి యాంటీ జెల్ పోసి ఏం లాభం?

ఈ నీళ్లు ఎక్కడివంటే, ఎక్కువగా గాలిలోవే. సగం ఖాళీ ట్యాంకులో పైన గాలి ఉంటుంది. పగలు వెచ్చబడి రాత్రి చల్లబడ్డప్పుడల్లా ట్యాంకు గోడలకు చెమ్మ పట్టి కిందికి దిగుతుంది. వెచ్చటి డీజిల్ కొంత నీటిని తనలో కలుపుకుని ఉంచుతుంది, చల్లబడ్డప్పుడు వదిలేస్తుంది. బయోడీజిల్ కలిసినదైతే ఇంకా ఎక్కువ పట్టి ఉంచుతుంది. అలా దిగిన నీళ్లు ట్యాంకు అడుగున, వాటర్ సెపరేటర్ గిన్నెలో, రెండు ట్యాంకులను కలిపే కింది పైపు వంపులో చేరతాయి. ఆ పైపు చల్లగాలికి ఎదురుగా వేలాడుతుంది కాబట్టి ముందు అక్కడే గడ్డకడుతుంది. అప్పుడు ఒక ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా ఇంజన్‌కు అందదు. గేజ్ మాత్రం ఫుల్ అని చూపిస్తూనే ఉంటుంది.

ఇందాక డాలస్‌లో సగం ట్యాంకుతో బయల్దేరమన్నాను, ఇప్పుడు సగం ట్యాంకు చెమ్మ అంటున్నాను. నడిచే బండికి మొదటిది, రాత్రి నిలబడే బండికి రెండోది. చలి ప్రాంతంలో రాత్రి పార్కు చేసే ముందు ఆ ప్రాంతపు డీజిల్‌తోనే నింపి ఆపాలి. రెండు నియమాలూ ఒకే బంకు దగ్గర తీరిపోతాయి.

ఆటోనగర్‌లో నేర్చుకున్నది నాకు ఇక్కడే అక్కరకొచ్చింది. నాన్న లారీల్లో క్లీనర్ పొద్దున్నే చేసే మొదటి పని టైర్లు కొట్టి చూడటం, రెండోది ఫిల్టర్ గిన్నె కింద స్క్రూ వదులుచేసి కాస్త డీజిల్ బయటికి వదలడం. గ్లాసులో పట్టి ఎండకు ఎత్తి చూసేవాడు. అడుగున నీటి బుడగ కనబడితే, అది పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలేవాడు. డీజిల్ కల్తీ మీద ఉన్న అనుమానంతో పుట్టిన అలవాటది, చలితో దానికి పనే లేదు. అదే పని ఇక్కడ నేను డ్రైవర్లతో నవంబర్ నుంచి మార్చి దాకా చేయిస్తున్నాను. ఒక చిట్కా ఉంది: రాత్రి ఆపగానే, ఇంజన్ వేడి ఉన్నప్పుడే వదలాలి. పొద్దున్నే వదులుదామంటే స్క్రూ దగ్గరే గడ్డకట్టి ఉంటుంది. ఫిల్టర్లు కూడా మైళ్ల లెక్కతో సంబంధం లేకుండా అక్టోబర్‌లో మార్పిస్తాను. సగం నిండిన ఫిల్టర్ వేసవిలో ఎవరికీ కనబడదు. చలికాలంలో కాస్త మైనం పేరుకోగానే మిగిలిన సగం కూడా మూసుకుపోతుంది. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలని నన్నడిగితే, సీసాల డబ్బు కన్నా ముందు ఫిల్టర్ల డబ్బు తీసి పక్కన పెట్టమంటాను.

ఆటోనగర్ నుంచి ఇక్కడికి తేకూడనిది ఏమిటంటే, కలపడం. చలిగా ఉందా, కాస్త కిరసనాయిలు పొయ్యి. ఇంకా చలిగా ఉందా, కాస్త పెట్రోలు పొయ్యి. పాత మెకానికల్ పంపుల రోజుల్లో అది నడిచింది. యూరప్‌లో కొన్ని పాత డీజిల్ కార్ల మాన్యువళ్లలో చలికాలంలో కొంత పెట్రోలు కలపొచ్చని రాసి ఉండేది కూడా. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లో పంపు 30 వేల పీఎస్ఐ దాకా ఒత్తిడి పెంచుతుంది. ఆ పంపులో లోహాలు ఒకదాని మీద ఒకటి జారేది చాలావరకు డీజిల్ జిడ్డుతోనే. పెట్రోలు కలిపితే ఆ జిడ్డు పోతుంది. పంపు అరిగి, ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా పోయిందంటే మొత్తం సిస్టమ్ మార్చాలి. ఆ బిల్లు ట్రక్కు వాయిదా కన్నా పెద్దది. పైగా ట్యాంకులో మంట అంటుకునే ప్రమాదం. పెట్రోలు ఆవిరి మైనస్‌లలో కూడా అంటుకుంటుంది, నంబర్ టూ డీజిల్‌కు కనీసం 52 సెల్సియస్ వేడి కావాలి. ఎవరైనా "మా ఊళ్లో ఇలాగే చేసేవాళ్లం" అంటే వినండి, నవ్వండి, చేయకండి. ఆల్కహాల్ కలిసిన మందులకూ ఇదే మాట. నీళ్లను కరిగించడానికి బాగానే ఉంటాయి కానీ సీళ్లకు, ఇంజెక్టర్లకు మంచివి కావని చాలా ఇంజన్ కంపెనీలే హెచ్చరిస్తున్నాయి. నంబర్ వన్ కలపాలనుకుంటే బంకులో కలిపి అమ్మేదే కొనండి. ఎర్ర రంగు వేసిన పొలాల డీజిల్ చవకని రోడ్డు బండిలో పోస్తే జరిమానా వేరే.

ఫిల్టర్ మూసుకుపోయాక కూడా సెల్ఫ్ కొడుతూ ఉండటం వల్ల వచ్చే నష్టమూ ఇలాంటిదే. డీజిల్ అందని పంపు ఎండిపోయి తిరుగుతుంది. ఆగిన బండిని పదే పదే తిప్పడం ఓపిక కాదు, పంపును నూరడం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. టీవీలో చెప్పే విండ్ చిల్ అంకెకు భయపడి లెక్కలు మార్చకండి. అది మనిషి చర్మానికి చెప్పిన అంకె. గాలి ఎంత వీచినా డీజిల్ అసలు ఉష్ణోగ్రత కన్నా కిందికి పోదు, అక్కడికి తొందరగా చేరుతుంది, అంతే. బంకు భూమి కింద ట్యాంకులోంచి వచ్చే డీజిల్ కొంచెం వెచ్చగానే ఉంటుంది. పెద్ద ట్యాంకు చల్లబడటానికి గంటలు పడుతుంది. అందుకే చలి వచ్చిన రోజు నడిచిన బండి మర్నాడు ఆగుతుంది. రాత్రంతా ఐడిల్‌లో ఉంచితే ఏమీ కాదనేది సగం నిజం. ఐడిల్‌లో ఇంజన్‌కు పెద్ద వేడి పుట్టదు, ట్యాంకుకు తిరిగొచ్చే డీజిల్ కూడా అంత వెచ్చగా ఉండదు. పైగా మసి ఎగ్జాస్ట్ ఫిల్టర్‌లో చేరుతుంది. క్యాబిన్ వెనక పడుకునే చోటున్న చిన్న డీజిల్ హీటర్‌కు సన్నటి పైపు ఉంటుంది, అది ఇంజన్ కన్నా ముందే జెల్ అవుతుంది. హీటర్ ఆరిపోయిందంటే డ్రైవర్‌కు అది మొదటి హెచ్చరిక. డీఈఎఫ్, అంటే పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం, మైనస్ 11 సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. దాని ట్యాంకుకు హీటర్ ఉంది, ఇంజన్ నడుస్తుంటే అదే కరుగుతుంది. దానిలో యాంటీ జెల్ పోసే తెలివి మాత్రం వద్దు.

ఇంత చేసినా ఏదో ఒక రాత్రి బండి ఆగుతుంది. అప్పుడు ముందు బండిని రోడ్డు అంచుకు తీసి హెచ్చరిక త్రిభుజాలు పెట్టాలి. డ్రైవర్ ప్రాణం ముఖ్యం. మైనస్ ఇరవైలో ఇంజన్ ఆగిన క్యాబిన్ గంటలో ఫ్రీజర్ అవుతుంది. దుప్పట్లు, చార్జ్ ఉన్న ఫోను, తాగడానికి ఏదో ఒకటి క్యాబిన్‌లో ఉండి తీరాలి. సెల్ఫ్ రెండుసార్లకు మించి కొట్టకూడదు. ట్యాంకు కింద మంట, టార్చ్, గ్యాస్ స్టవ్ ఏవీ వద్దు. ఫిల్టర్ రెంచి, ఆ బండికి సరిపోయే ఫిల్టర్లు, రబ్బరు గ్లౌజులు క్యాబిన్‌లోనే ఉండాలి. బయటి పెట్టెలో పెడితే దాని తాళమే గడ్డకడుతుంది. ఎర్ర సీసా, అంటే జెల్ అయ్యాక కరిగించేది, ఇక్కడ పనికొస్తుంది. దాని మీద రాసిన మోతాదు ప్రకారం ట్యాంకులోనూ, కంపెనీ మాన్యువల్ ఒప్పుకుంటే కొత్త ఫిల్టర్‌లోనూ పోసి, లిఫ్ట్ పంపుతో ఎయిర్ తీసి, కాసేపు ఆగి స్టార్ట్ చేయాలి. కొత్త ఫిల్టర్ మళ్లీ వెంటనే మూసుకుపోతే ట్యాంకంతా మైనమే. ఇక రోడ్డు మీద కుస్తీ పట్టకుండా వెచ్చటి షెడ్డుకు లాగించుకోవాలి. షెడ్డులో మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న డీజిల్ ఎక్కడ, ఎప్పుడు కొట్టించారన్నదే. అందుకే నా డ్రైవర్లను చివరి మూడు బంకుల రసీదులు సన్‌వైజర్ వెనక పెట్టుకోమంటాను. కార్డు స్టేట్‌మెంటులో ఊరు పేరు ఉంటుంది గానీ, ఏ పంపులో కొట్టించారో, నంబర్ వన్ ఎంత కలిపారో ఆ రసీదు మీదే చేత్తో రాసి ఉండాలి.